మైకు ఇద్దరిదీ: బ్యాండులో ముందువరస పంచుకోవడం, జనంతో మాట్లాడడం

బ్యాండులో ఇద్దరు ముందు నిలబడాలనుకున్నప్పుడు మొదట తేలాల్సింది ఎవరెన్ని పాటలు పాడతారన్నది కాదు. ఒకరు మాట్లాడుతుంటే రెండోవారు ఏం చేస్తూ ఉంటారన్నది. నేను విశాఖలో పన్నెండేళ్ళుగా బేస్ గిటార్ వాయిస్తూ, రెండో గొంతు పాడుతూ ఉన్నాను. బీచ్ రోడ్డు మీద ఒక్క రాత్రికి కట్టే స్టేజీలు, కాలేజీ ఫెస్టులు, ఉక్కునగరంలో వినాయక చవితి పందిళ్ళు, పెళ్ళిళ్ళలో సంగీత్ రాత్రులు, గురజాడ కళాక్షేత్రం లాంటి కుర్చీల హాళ్ళు, అన్నిచోట్లా చూసింది ఒకటే. పాట బాగోక షో పోవడం అరుదు. పాటకీ పాటకీ మధ్య పోతుంది.

మా మొదటి బ్యాండు అలాగే దెబ్బతింది. ఐదుగురం. ముందు నిలబడేది ఒక్కడే. పాట వాడిదే, గిటారు వాడిదే, మాట వాడిదే, మాకు సైగ చేసేదీ వాడే. రుషికొండ వైపు ఒక కాలేజీ ఫెస్టులో మూడో పాట అవుతుండగా వాడి గిటారు తీగ తెగింది. వాడు కింద కూర్చుని తీగ మార్చుకుంటుంటే మిగతా నలుగురం వాడికేసే చూస్తూ ఉండిపోయాం. నా ముందు మైకు ఉంది, పనిచేస్తోంది కూడా. నోరు తెరవాలని తోచలేదు. అది నా పని అని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. నాలుగు నిమిషాలు గడిచాయి. ముందు వరసల్లో కుర్రాళ్ళు ఫోన్లు తీశారు, కాసేపటికి లేచారు, ఆనక తిండి స్టాళ్ళ వైపు వెళ్ళిపోయారు. తీగ వచ్చింది గానీ జనం తిరిగి రాలేదు.

ఆ తర్వాత ఒక్కొక్కటే నేర్చుకున్నవి ఇవి. కొత్తగా బ్యాండు కట్టినవాళ్ళకీ, ఒకే గొంతు మీద బతుకుతున్న పాత బ్యాండులకీ పనికొస్తాయని వరసగా రాస్తున్నాను.

మన దగ్గరున్న నమూనా

ఫ్రంట్‌మ్యాన్, అంటే బ్యాండుకి ముందు నిలబడే మనిషి, అన్న మాట కొత్తదే కానీ ఆ పని మనకి కొత్త కాదు. రెండు పాత నమూనాలున్నాయి. ఒకటి హరికథ. కాలికి గజ్జె, చేతిలో చిడతలు, పాటా మాటా ఆటా అన్నీ ఒక్క దాసుగారే. మన పక్కనున్న విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) ఆ కళను శిఖరానికి తీసుకెళ్ళారు. 1919లో అక్కడ సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాల్ కూడా ఆయనే. అన్నీ ఒక్కరిలోనే ఉన్న మనిషి దొరకడం అదృష్టం. కాకపోతే ఆ మనిషి గొంతుకి జలుబు చేసిన రోజున బ్యాండు మొత్తానికి జలుబు చేసినట్టే.

రెండోది బుర్రకథ. నడుమ తంబురాతో కథకుడు, అటూ ఇటూ డక్కీలతో ఇద్దరు వంతలు. గుంటూరు సీమ నుంచి వచ్చిన షేక్ నాజర్ (1920–1997) పేరు చెబితే పెద్దవాళ్ళ కళ్ళు ఇప్పటికీ వెలుగుతాయి. కథకుడు ఊపిరి తీసుకునే చోట వంతలు ‘తందాన తాన’ అందుకుంటారు. వాళ్ళ పని అంతటితో అయిపోదు. ఒక వంత రాజకీయం, లోకం సంగతులు మాట్లాడతాడు, ఇంకొకడు హాస్యం పట్టుకుంటాడు. కథ ముడిపడిన చోట వంత కథకుణ్ణి ఆపి అడుగుతాడు, ‘అదెలా కుదిరింది?’ అని. నిజానికి ఆ ప్రశ్న కింద కూర్చున్న జనానిది. జనం తరఫు మనిషి ఒకడు స్టేజీ మీదే ఉన్నాడన్నమాట.

ఇప్పుడు ‘వంత పాడడం’ అనే మాటని తిట్టులా వాడుతున్నాం, ఎవరేం చెప్పినా తలూపేవాడని. నాకు అది బాధగా ఉంటుంది. వంత లేకపోతే బుర్రకథ ఒక్క అడుగు ముందుకెయ్యదు. బ్యాండులో ముందువరస పంచుకోవడమంటే వంత నేర్చుకోవడమే. ఈ వ్యాసంలో మిగిలినదంతా ఆ ఒక్క మాటకి వివరం.

మొదటి మెట్టు: ఉన్న పని ఒకటి కాదు, నాలుగు

ముందు మనిషి చేసేది ఒకే పని అనుకుంటాం. విడదీసి చూస్తే నాలుగు కనిపిస్తాయి. పాడడం. జనంతో మాట్లాడడం. బ్యాండుకి సైగ చెయ్యడం, అంటే పల్లవి ఇంకోసారి తిప్పాలా, ఇక్కడితో ముగించాలా అన్నది చెప్పడం. గడియారం చూడడం, అంటే టైము మించితే ఏ పాట తీసెయ్యాలో తేల్చడం. ఒక్కరే నాలుగూ మోస్తే ఏదో ఒకటి జారిపోతుంది. ఎక్కువగా జారేది గడియారం.

ఇప్పటి మా బ్యాండులో పాట ఇద్దరిది, ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. మాట ఆ అమ్మాయిదీ నాదీ. ఆ అబ్బాయి గొంతు గొప్పది, కానీ మైకులో మాట్లాడమంటే వాడికి చెమటలు పడతాయి. వాణ్ణి బలవంతపెట్టి మాట్లాడించిన ఆరునెలలూ వాడి పాట కూడా పాడైంది. పాడేవాడే మాట్లాడాలన్న రూలు ఎక్కడా లేదని అప్పుడు గ్రహించాం. సైగ డ్రమ్స్ వాయించే తమ్ముడిది, ఎందుకంటే వాడి చెయ్యి పైకి లేస్తే అందరికీ కనిపిస్తుంది. గడియారం కీబోర్డు వాయించే అన్నయ్యది. ఆయన కళ్ళ ముందు ఫోను పెట్టుకునే చోటు ఉంది.

నిలబడి గిటారు పట్టుకున్నవాళ్ళే ముందు మనుషులన్న భ్రమ కూడా వదిలెయ్యండి. 1990లో ఢిల్లీలో మొదలైన ఇండియన్ ఓషన్ బ్యాండుని చూడండి. రాహుల్ రామ్ బేస్ వాయిస్తూనే పాడతారు, జనంతో కబుర్లు చెబుతారు. తబలా ముందు కూర్చుని అసీమ్ చక్రవర్తి పాడేవారు. 2009లో ఆయన పోయారు, బ్యాండు ఆగలేదు. కేరళలో 2013లో పుట్టిన తైక్కుడం బ్రిడ్జిలో పాటకొక గొంతు ముందుకొస్తుంది. ఒక్క ముఖం మీదే బ్యాండు నిలబడాలన్నది అలవాటే కానీ అవసరం కాదు.

ఎవరికి మాట వచ్చో తెలియాలంటే ఒక పరీక్ష ఉంది. జామ్ రూములో, అంటే సాధన చేసుకునే గదిలో, ఫోను రికార్డింగు పెట్టి, ప్రతి ఒక్కరూ మైకులో ఒక నిమిషం పాటు నిన్న ఇంట్లో జరిగిన చిన్న సంగతి చెప్పాలి. పాట గురించి కాదు, బ్యాండు గురించి కాదు. తర్వాత అందరూ కలిసి వినండి. హుషారుగా అరిచినవాళ్ళని పక్కన పెట్టి, ‘తర్వాతేమైంది?’ అని మీకు అనిపించింది ఎవరి దగ్గరో చూడండి. మా దగ్గర ఆ పరీక్ష నెగ్గింది నెమ్మదిగా, ఆగి ఆగి మాట్లాడే అమ్మాయి.

రెండో మెట్టు: సెట్ లిస్టులో మాటకీ ఒక గడి

అరవై నిమిషాల షో అనుకుందాం. పాట సగటున నాలుగున్నర నిమిషాలు. పది పాటలకి 45 నిమిషాలు. మిగిలిన 15 నిమిషాలూ మాటలకే అనుకోకండి. చప్పట్లు, శృతి చూసుకోవడం, గిటారు మార్చడం, మొదట్లో ఎప్పుడూ ఉండే ఆలస్యం, వీటికే ఏడెనిమిది పోతాయి. మాటకి మిగిలేది ఏడెనిమిది నిమిషాలు. దాన్ని పది చోట్ల చిల్లర చెయ్యకండి, నాలుగు చోట్ల పెట్టండి. మిగతా చోట్ల ఒక పాట తోక పట్టుకుని ఇంకో పాట మొదలవ్వాలి.

మేం పెట్టుకునేది ఇలా. మొదటి రెండు పాటలూ మధ్యలో మాట లేకుండా ఒక దాంట్లోంచి ఒకటి. జనం అప్పుడే వస్తుంటారు, మన పేర్లు వినే ఓపిక వాళ్ళకింకా రాలేదు. రెండో పాట అయ్యాక నలభై సెకన్ల పలకరింపు. నాలుగో పాట ముందు, అది మా సొంత పాట కాబట్టి, ఒకటిన్నర నిమిషం కథ. ఏడో పాట ముందు గిటారు మార్చుకోవాలి కాబట్టి అన్నిటికన్నా పెద్ద మాట అక్కడ, రెండు నిమిషాలకి తక్కువ కాకుండా. ఆఖరి పాట ముందు పేర్లు, కృతజ్ఞతలు.

సెట్ లిస్టు (షోలో పాటల వరస) కాగితం మీద పాట పేరు పక్కన శృతి ఎలాగూ రాసుకుంటాం. దాని పక్కన ఇంకో మూడు గడులు గీయండి. మాట ఎవరిది, ఎంతసేపు, ఆ మాట కింద ఎవరు ఏం వాయిస్తారు. మూడో గడి చాలామంది మరిచిపోతారు. కీబోర్డు మీద ఒక్క తీగపాటి స్వరం నిలబెట్టి ఉంచినా మాట్లాడేవాళ్ళకి కాళ్ళ కింద నేల ఉన్నట్టుంటుంది. ఒట్టి నిశ్శబ్దంలో మాట్లాడడం చాలా కష్టం, అది అలవాటైనవాళ్ళకే వదిలెయ్యండి. నల్ల స్కెచ్ పెన్నుతో, నిలబడితే కనిపించేంత అక్షరాలతో, ప్రతి ఒక్కరి కాళ్ళ దగ్గర ఒక కాపీ ఉండాలి.

ఆరుబయట వాయిస్తుంటే ఇంకో లెక్క. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది తర్వాత బయట లౌడ్‌స్పీకర్లు మోగకూడదు. కొన్ని పండగ రోజులకి ప్రభుత్వం సడలింపు ఇవ్వొచ్చు, దాన్ని నమ్ముకుని లిస్టు రాయకండి. ముందు బృందం ఆలస్యం చేస్తే కోత పడేది మనకే. అందుకని రెండు ‘కోత పాటలు’ ముందే గుర్తుపెట్టి ఉంచుకోవాలి. గడియారం మనిషి వేలు చూపిస్తే అవి పోతాయి. స్టేజీ మీద చర్చ ఉండదు.

మూడో మెట్టు: అప్పగింత

పెళ్ళిలో అప్పగింతలు ఎంత జాగ్రత్తగా చేస్తామో మైకు అప్పగింత కూడా అలా చెయ్యాలి. ఇద్దరు మాట్లాడే బ్యాండుల్లో నూటికి తొంభై తప్పులు ఇక్కడే. ఒకరు ముగించారో లేదో రెండోవారికి తెలియదు. ఇద్దరూ ఒకేసారి మొదలెడతారు, ఇద్దరూ ఆగి ‘నువ్వు చెప్పు’ అంటే ‘లేదు నువ్వు చెప్పు’ అనుకుంటారు. జనానికి అది ముచ్చటగా ఉండేది ఒక్కసారే.

మందు సులువు. ప్రతి మాటకీ ఆఖరి వాక్యం ముందే తేల్చుకోండి. మధ్యలో ఏమైనా చెప్పొచ్చు, ఆ రోజు వాతావరణం, ముందు వరసలో చిన్నపిల్లాడు, ఏదైనా. కానీ తోక మాత్రం మారకూడదు. ‘ఆ సంగతి మా చెల్లి చెబుతుంది’ అన్నది మా అప్పగింత వాక్యాల్లో ఒకటి. అది వినగానే మా పాడే అమ్మాయి మైకు దగ్గరికి వస్తుంది, నేను అరడుగు వెనక్కి వేస్తాను. ఆ అరడుగు ముఖ్యం. మాట అప్పగించి కూడా మైకుకి అంటుకునే ఉంటే జనం కళ్ళు మీ మీదే ఉంటాయి.

పాటలోకి అప్పగించే తోక ఇంకా కచ్చితంగా ఉండాలి, ఎందుకంటే అది డ్రమ్స్ తమ్ముడి కోసం. ఆ వాక్యంలో ఆఖరి మాట పడగానే వాడు కర్రలతో నాలుగు లెక్క వేస్తాడు. పాట పేరుతో ముగించడం అలవాటు చేసుకుంటే తికమక ఉండదు. పేరు చెప్పాక ఇంకొక్క మాట కూడా అనకండి. ‘పాట పేరు ఇదీ... అంటే ఇది మేం రాసిన...’ అని సాగదీస్తే వాడి కర్రలు గాల్లో ఆగిపోతాయి, పాట చచ్చు మొదలుతో మొదలవుతుంది.

అప్పగింతలో పేరు పెట్టి పిలవాలా, వరస పెట్టి పిలవాలా? మా వైపు అన్నా, చెల్లీ, బావా అనుకోవడం సహజం. ఇంట్లో పిలుచుకున్నట్టే స్టేజీ మీదా పిలుచుకోండి. రిహార్సల్లో ‘ఒరేయ్’ అని స్టేజీ ఎక్కి ‘మిస్టర్ ఫలానా’ అంటే జనానికి తెలిసిపోతుంది. కాకపోతే జనానికి పేరు కూడా తెలియాలి కాబట్టి మొదటిసారి పేరు, తర్వాత వరస.

నాలుగో మెట్టు: వంత

ఇక అసలు సంగతి. మాట్లాడనివారి పని.

మొదటిది చూడడం. మాట్లాడుతున్నవారి వైపు చూడండి. జనం మీ చూపు ఎటుంటే అటు చూస్తారు. మీరు ఫోను చూసుకుంటే, పెడల్ సరిచేసుకుంటే, పక్కవాడి చెవిలో ఏదో చెబితే, స్టేజీ మీదున్నవాళ్ళకే అక్కర్లేని మాట మాకెందుకని జనం అనుకుంటారు. ఈ కథ మీరు నలభైసార్లు విని ఉండొచ్చు. కింద ఉన్నవాళ్ళకి ఇది మొదటిసారి. నలభైయొకటోసారి కూడా చెవిపెట్టి వినడం ఒక కళ, బుర్రకథ వంతలు జీవితమంతా చేసిన పని అదే.

రెండోది చేతులు కట్టుకోవడం. మాట నడుస్తుంటే గిటారు మీద చిన్న చిన్న బిట్లు వాయించడం, స్నేర్ డ్రమ్ము మీద కర్ర ఆడించడం, ఇవి మాటని తినేస్తాయి. శృతి చూసుకోవాలంటే శబ్దం బయటికి రాకుండా ట్యూనర్ పెడల్ నొక్కి చూసుకోండి. మా గదిలో దీనికి ఒకే శిక్ష ఉంది, మాట మధ్యలో తీగ మోగిస్తే ఆ రోజు టీ ఖర్చు వాళ్ళది.

మూడోది అడగడం. మాట్లాడేవారు ఎక్కడైనా చిక్కుకున్నా, మరీ క్లుప్తంగా అయిపోయినా వంత ఒక ప్రశ్న వేస్తుంది. తెలిసీ తెలియనట్టు అడిగే ప్రశ్న వద్దు, జనానికి నిజంగా వచ్చే ప్రశ్న కావాలి. ప్రశ్న ఒక్కటి. రెండోది వేస్తే అది టీవీ ఇంటర్వ్యూ అయిపోతుంది.

నాలుగోది ముగించడం. మాట్లాడేవారు ఎక్కువ సేపు లాగుతున్నారు, ఒకటిన్నర నిమిషం అనుకున్నది మూడుకి వెళ్ళింది. అప్పుడు వంత పాట మొదటి బిట్ మెల్లగా అందుకోవాలి. మా బ్యాండులో అది నా బేస్. ఒకే స్వరం, నెమ్మదిగా, ఒక్కో తాళం దెబ్బకి ఒకటి. అది వినబడగానే చెల్లి ఆ వాక్యం ముగించి తోక చెబుతుంది. మాట్లాడేవారికి కోపం రాకూడదు, వాయించేవారికి కసి ఉండకూడదు. ఈ ఒప్పందం షోకి ముందే జరగాలి. షో మధ్యలో కనిపెడితే అది అవమానం కింద లెక్క.

ఐదోదాన్ని రాయడం తేలిక, చెయ్యడం కష్టం. ఎదుటివారి మాట మీద మాట వేసి గెలవకూడదు. చెల్లి చెప్పిన దానికి జనం నవ్వారు. నాకు ఇంకా పదునైన మాట తోచింది. అంటే జనం నవ్వు నాకొస్తుంది, ఆమె మాట కింద పడుతుంది. రెండేళ్ళ పాటు నేను చేసిన తప్పు ఇది. ఒక షో రికార్డింగులో ఆమె గొంతు ఒక్కో మాటకీ ఎలా సన్నబడుతూ వచ్చిందో విన్నాక మానేశాను.

ఐదో మెట్టు: ఏం చెప్పాలి

అందరికీ తెలిసిన సినిమా పాట పాడుతుంటే ముందు ఏమీ చెప్పకండి. మొదటి బిట్ చాలు, జనం గుర్తుపట్టి అరుస్తారు. ఆ ఆనందం వాళ్ళది, మాటతో లాక్కోకండి. మాట కావాల్సింది ఎవరికీ తెలియని మన సొంత పాటకి. అందులో వినేవాళ్ళు పట్టుకోవడానికి ఒక కొమ్మ ఇవ్వాలి, అంతే. పాట అర్థం వివరించడం కాదు.

మాకు హుద్‌హుద్ మీద ఒక పాట ఉంది. మొదట్లో నేను దాన్ని ఇలా పరిచయం చేసేవాణ్ణి: ‘2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన విశాఖను అతలాకుతలం చేసింది. ఆ విషాదానికి ఈ పాట అంకితం.’ అందులో తప్పేమీ లేదు. కానీ అది వార్త. ఆ ఆదివారం ఇక్కడున్న ప్రతి ఒక్కరికీ సొంత హుద్‌హుద్ ఉంది, కరెంటు లేని రాత్రులు, నీళ్ళ కోసం వరసలు, పచ్చగా ఉండే కొండ ఒక్క పూటలో గోధుమ రంగైపోవడం. వాళ్ళకి వార్త చెప్పనక్కర్లేదు. వాళ్ళ జ్ఞాపకం తలుపు కొడితే చాలు. ఇప్పుడు ఇలా చెబుతాం:

‘మా ఇంటి ముందు బాదం చెట్టుండేది. తుఫాను తెల్లారి తలుపు తీస్తే, అది పక్కింటి మాస్టారి స్కూటరు మీద పడుంది.’

చెల్లి అడుగుతుంది: ‘ఏటన్నా, స్కూటరు పోయిందనా నీ పాట?’

‘స్కూటరు మళ్ళీ కొనుక్కున్నారమ్మా.’

అక్కడ ఆగుతాను. రెండు సెకన్లు. ఆమె పాట పేరు చెబుతుంది, కర్రలు నాలుగు. నవ్వు మొదలై సగంలో ఆగిపోయే చోట పాట అందుకుంటుంది. ఇందులో వంత ప్రశ్న లేకపోతే ఆ ఆఖరి మాట నేను ఒంటరిగా చెప్పాల్సి వచ్చేది, అప్పుడది నాటకం డైలాగులా ఉండేది.

చెప్పకూడనివి కొన్ని. ‘గొంతు బాలేదు, క్షమించాలి’ అనొద్దు, చెప్పేదాకా వాళ్ళకి తెలియదు, చెప్పాక అదే వింటారు. ‘చప్పట్లు వినబడట్లేదు’ అని అడుక్కోవద్దు. బ్యాండులో వాళ్ళకే అర్థమయ్యే వెక్కిరింతలు వద్దు. ఒకరి ఒళ్ళు, రంగు, పెళ్ళి మీద వేళాకోళం అసలే వద్దు. అమ్మాయి ముందు నిలబడిన బ్యాండులో ఇది ఇంకా గట్టిగా పాటించాలి, ఎందుకంటే స్టేజీ మీద మనం చేసిన వెక్కిరింతని కింద కుర్రాళ్ళు అరుపుగా తిరిగి ఆమెకే ఇస్తారు.

ఏ యాసలో

మైకు చేతికి రాగానే మనవాళ్ళు రెండే భాషలు మాట్లాడతారు. పుస్తకం తెలుగు, లేదా టీవీ యాంకర్ల ఇంగ్లీషు. గురజాడ, గిడుగు పుట్టి వాడుక భాష కోసం కొట్లాడిన ఉత్తరాంధ్రలో ఇది నాకు మింగుడుపడదు. ఆరిలోవ నుంచి, గాజువాక నుంచి వచ్చిన జనం ముందు ‘ఏటి, బాగుందా?’ అంటే మొహాలు విప్పారతాయి. కానీ లేని యాస తెచ్చిపెట్టుకోకండి. మా కీబోర్డు అన్నయ్యది కడప. ఆయన రెండు మాటలు తన యాసలోనే మాట్లాడతాడు, జనం దాన్నీ ఇష్టపడతారు.

ఇది నేవీ ఊరు, పోర్టు ఊరు కూడా. తూర్పు నావికాదళం కుటుంబాలు, ఒడియా వాళ్ళు, బెంగాల్ నుంచి వచ్చిన యాత్రికులు బీచ్ రోడ్డు మీద ఎప్పుడూ ఉంటారు. అన్నీ మూడు భాషల్లో తిరగచెప్పకండి, షో అనౌన్స్‌మెంటు కౌంటరులా తయారవుతుంది. ఇద్దరు మాట్లాడేవాళ్ళుంటే ఇక్కడే లాభం. ఒకరు తెలుగులో కథ చెబుతారు, రెండోవారు హిందీలో తిరిగి చెప్పకుండా హిందీలో ప్రశ్న వేస్తారు. ప్రశ్న విన్నవాళ్ళకి సగం కథ దానంతట అదే తెలిసిపోతుంది.

చోటుని బట్టి కొలత మారుతుంది. కళాక్షేత్రంలోనో కళాభారతిలోనో కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు రెండు నిమిషాల కథ వింటారు. సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర నడుచుకుంటూ ఆగినవాళ్ళు ముప్ఫై సెకన్లు దాటితే మొక్కజొన్న బండి వైపు కదులుతారు. సంగీత్‌లో పెళ్ళివారి యాంకర్ ఉంటారు, మాట వాళ్ళది, మీరు తోకలు మాత్రం వాళ్ళతో కలిసి తేల్చుకోండి.

మైకు, మానిటరు, ఎకో

ఇది క్లుప్తంగా. పాటకి పెట్టిన ఎకో మాటకి ఉంటే ఒక్క ముక్క అర్థం కాదు. సౌండ్ చెక్ అప్పుడే సౌండ్ ఆయనతో చెప్పండి, మాట మొదలవగానే ఎకో తియ్యమని. సెట్ లిస్టు కాపీ ఒకటి ఆయనకీ ఇవ్వండి, మాట ఉన్న గడులకి రంగు వేసి. మాటగొంతు పాటగొంతు కన్నా చిన్నది, అందుకని మాట్లాడేటప్పుడు మైకుకి దూరం జరగకండి, రెండు మూడు వేళ్ళ ఎడం చాలు. మైకు తలని గుప్పిట్లో మూయకండి. 1966 నుంచి వస్తున్న ష్యూర్ ఎస్ఎమ్ 58 లాంటి మైకులు ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా తీసుకునేలా చేసినవి. తలని మూస్తే ఆ గుణం పోయి మానిటర్ (మన గొంతు మనకి వినబడడానికి స్టేజీ మీద పెట్టే స్పీకరు) శబ్దం కూడా లాగుతుంది, కూత వస్తుంది. బీచ్‌లో గాలికి స్పాంజి తొడుగు తప్పనిసరి. ఇద్దరు మాట్లాడేవాళ్ళకీ ఒకరి గొంతు ఒకరి మానిటర్లో వినబడాలి, లేకపోతే వంత అరక్షణం ఆలస్యంగా పడుతుంది. డ్రమ్స్ తమ్ముడికి మైకు ఇస్తే ఆన్ ఆఫ్ స్విచ్ ఉన్నదే ఇవ్వండి.

తీగ తెగితే, కరెంటు పోతే

ఒకటే సూత్రం. ఎవరి చేతిలో సమస్య ఉందో వాళ్ళు మాట్లాడరు. గిటారు వాళ్ళ తీగ తెగితే వంత మైకు అందుకుంటుంది. దానికోసం ‘అటక మీది సరుకు’ ఉండాలి, రెండు కథలు, గిటారు లేకుండా నడిచే ఒక పాట. మాకు బేస్, డ్రమ్స్, గొంతు మాత్రమే ఉన్న పాట ఒకటి ఎప్పుడూ సిద్ధం. కరెంటు పోయి జనరేటర్ అందుకునేదాకా మైకు ఉండదు. అప్పుడు అరవకండి. డ్రమ్స్ మెల్లగా నడిపిస్తే చెల్లి స్టేజీ అంచుకి వచ్చి చప్పట్ల లెక్క పట్టిస్తుంది. ఎవరైనా తాగి ఒకే సినిమా పాట కోసం అరుస్తుంటే ఒక్కసారి నవ్వుతూ జవాబు చెప్పండి, ఇద్దరిలో ఒకరే. రెండోసారి జవాబు లేదు, పాటే.

మనసుల సంగతి

ముందువరస పంచుకున్న బ్యాండులు విడిపోయేది పాట దగ్గర కాదు, పోస్టరు దగ్గర. ఎవరి ఫోటో నడుమ ఉంది, పేపరు వాళ్ళు ఎవరిని అడిగారు, షో మాట్లాడడానికి వచ్చినాయన ఎవరికి ఫోను చేశాడు. ఇవి చిన్నవని కొట్టిపారెయ్యకండి. మేం కాగితం మీద రాసుకున్నాం. డబ్బు సమానం. షో ఒప్పుకునే ఫోను నంబరు ఒక్కటే, అది మాట్లాడేవాళ్ళిద్దరిదీ కాదు. ఇంటర్వ్యూ అడిగితే ఇద్దరు వెళ్ళాలి, అందులో ఒకరు వెనక వరస మనిషి కావాలి. షో అయిన రాత్రి ఎవరి తప్పూ మాట్లాడకూడదు, మర్నాడు మాట్లాడుకోవాలి. ఆఖరిదే మమ్మల్ని ఎక్కువసార్లు కాపాడింది.

మాట తగ్గించుకోవాల్సి వచ్చినవారికి బాధ ఉంటుంది, ఉండడం న్యాయమే. ఐదేళ్ళు ఒక్కరే మోసిన పని సగం ఇచ్చెయ్యమంటున్నాం. వాళ్ళకి మిగిలిన సగం ఏదో స్పష్టంగా చెప్పండి. ‘నువ్వు తక్కువ మాట్లాడు’ అనకండి. ‘నాలుగో పాట ముందు కథ నీదే, మిగతా మూడు చోట్ల నువ్వు వంత’ అనండి.

మూడు వారాల సాధన

మొదటి వారం మాటలు విడిగా. ఫోను రికార్డింగు, ప్రతి మాటకీ గడియారం, తోక వాక్యాలు తేల్చుకోవడం. రెండో వారం మాట, పాట కలిపి. ఒక మాట తడబడితే పాట తప్పినట్టే లెక్క, మళ్ళీ ముందు పాట చివరి చరణం నుంచి అందుకోవాలి. చాలా బ్యాండులు పాటని ఇరవైసార్లు వాయిస్తాయి, మాటని ఒక్కసారీ సాధన చెయ్యవు, సిగ్గనిపిస్తుందని. ఆ సిగ్గు గదిలోనే అరగాలి.

మూడో వారం నిలబడే తీరు మార్చండి. జామ్ రూములో అందరం గుండ్రంగా, ఒకరికొకరు ఎదురుగా నిలబడతాం. స్టేజీ మీద అందరం ఒకే వైపు తిరుగుతాం. గదిలో కళ్ళతో నడిచిన సైగలన్నీ అక్కడ తెగిపోతాయి. అందుకే ఆఖరి వారం గోడకేసి తిరిగి వరసగా నిలబడండి. మాట్లాడేవాళ్ళిద్దరూ పక్కపక్కన, కొంచెం ఒకరి వైపు ఒకరు ఒరిగి, నడుమ నాలుగడుగులకి మించకుండా. రెండు చివర్లలో ఉంటే జనం మెడలు అటూ ఇటూ తిరగాలి, మాట చల్లారిపోతుంది.

షో రోజున చేరగానే, తీగలు విప్పకముందే, సౌండ్ ఆయన దగ్గరికి వెళ్ళి పేరు అడగండి. లైట్లు పట్టుకున్న కుర్రాడి పేరు కూడా. సెట్ లిస్టులో ఆఖరి మాట గడిలో, బ్యాండు వాళ్ళ పేర్ల కన్నా పైన, ఆ రెండు పేర్లూ స్కెచ్ పెన్నుతో రాయండి. ఆ గడి ఎవరిదో అది కూడా ముందే తేల్చుకోండి. మా దగ్గర అది పాడే అబ్బాయిది. షో మొత్తంలో వాడు మాట్లాడేది ఆ ఒక్కసారే.